నాన్న కారు బాగుపడిన రోజు

మా అమ్మ ఆ కారుని సవితి అనేది. ఊరికే కాదు, అది మా వంటింటి గ్యాసు తాగేది.

పలాస స్టేషను ముందు నిలబడే అద్దెకార్లలో నాన్నది ఒకటి. తెల్లది, పాతది, ఎన్ని చేతులు మారి మా దగ్గరికి వచ్చిందో దానికే తెలియాలి. యజమానీ నాన్నే, డ్రైవరూ నాన్నే, చాలాసార్లు మెకానిక్కూ నాన్నే. రెండువేల సంవత్సరం దాటాక కాశీబుగ్గ నుంచి టెక్కలి దాకా కార్లకి గ్యాస్ కిట్ల పిచ్చి పట్టింది. నాన్నకీ పట్టింది. డిక్కీలో వంటగ్యాసు సిలిండరు, ఇంజను పక్కన కొబ్బరికాయంత గుండ్రటి డబ్బా, స్టీరింగు పక్కన చిన్న స్విచ్చి. స్విచ్చి పైకి నొక్కితే పెట్రోలు, ఎర్రచుక్క వెలుగుతుంది. కిందికి నొక్కితే గ్యాసు, పచ్చచుక్క వెలుగుతుంది. ఇంటి సిలిండరు కారులో పెట్టడం తప్పని మా పేటలో తెలియనివాళ్ళు లేరు, మానినవాళ్ళూ లేరు. పప్పు సగం ఉడికి గ్యాసు అయిపోయిందంటే అమ్మ గరిటె పట్టుకుని నేరుగా వీధిలోకి వచ్చి డిక్కీ మీద చరిచేది.

"దీనికి మేపీసి మాకు కట్టెలెట్టీ. ఈ సవితొచ్చిన కాడ్నుంచి నా పొయ్యి సల్లారిపోనాది."

"అది తింటేనే గదే మనం తినీది," అనేవాడు నాన్న.

నేనప్పుడు టెక్కలిలో ఒక ప్రైవేటు బడిలో పాఠాలు చెబుతున్నాను. సెలవురోజున ఎక్కడికి బయల్దేరినా ముందుసీటు నాదే. వెనక కూర్చుంటే నాకు తల తిరుగుతుంది. అలా నాన్న పక్కన కూర్చుని కూర్చుని, ఆ కారు ముఖం మీద ఏ దీపం ఎందుకు వెలుగుతుందో నాకు కంఠతా వచ్చేసింది. బ్యాటరీ దీపం, ఆయిలు దీపం, ఇంజను వేడెక్కితే వెలిగే ఎర్రదీపం. అన్నీ ఉన్నాయి, నాన్నకి మాత్రం దేనిమీదా గురి లేదు.

"ఇంజను సెప్తాదే ఏటయ్యిందో. దీపానికేటి తెల్సు?" అనేవాడు. "దీపం ఎలిగితే పేసింజరు బెదిరిపోతాడు. అంతే దాని పని."

ఆయన వాసన చూసేవాడు, చెవి ఒగ్గి వినేవాడు, బానెట్టు మీద అరచెయ్యి వేసి జ్వరం చూసినట్టు చూసేవాడు. బ్యాటరీ దీపం ఎప్పుడూ మిణుకుమిణుకుమంటూనే ఉండేది. అదేమిటని అడిగితే, "అది దీపం కాదే గుంటా, పుట్టుమచ్చ" అని కొట్టిపారేసేవాడు. నిజం చెప్పాలంటే సగంసార్లు నాన్న మాటే నిజమయ్యేది. మిగతా సగంసార్లు మేం ఎండలో నిలబడేవాళ్ళం. మందస దారిలో నిలబడ్డాం, నిమ్మాడ దగ్గర నిలబడ్డాం, టెక్కలి బస్సులు మా ముఖాల మీద దుమ్ము కొట్టి పోతుంటే పళ్ళు నూరుకుంటూ నిలబడ్డాం. పెట్రోలు నుంచి గ్యాసుకి మార్చేటప్పుడు స్విచ్చిని కాసేపు మధ్యలో ఉంచాలి, లోపలున్న పెట్రోలు తాగేసేదాకా. నాన్నకి ఆ కాసేపు ఓపిక ఉండేది కాదు. రెండూ కలిసి ఇంజనుకి పొలమారేది. అప్పుడు నేను ఆయన్ని ఏమన్నా అంటే అమ్మ వెనకసీటు నుంచి ఆయన తరఫున నన్నే తిట్టేది. సవితిని తను తిట్టొచ్చు, మేం అనకూడదు.

ఇక ఆ వేడిదీపం. దాన్ని మేం వెలగగా ఎప్పుడూ చూసింది లేదు. ఎందుకంటే దసరాకి అమ్మ కారు పూజ చేసేటప్పుడు స్టీరింగుకీ, స్విచ్చికీ, ముల్లు తిరిగే గుండ్రాలకీ, దీపాల గాజులకీ అన్నిటికీ పసుపు పూసి కుంకుమ బొట్లు పెట్టేది. సరిగ్గా ఆ వేడిదీపం గాజు అమ్మ బొటనవేలంత ఉండేది. ఏటేటా బొట్టు మీద బొట్టు పడి, ఎండి, గట్టిపడి, గాజు కనిపించడమే మానేసింది. తుడుస్తానంటే నాన్న ఒప్పుకునేవాడు కాదు.

"ఎట్టిన బొట్టు సెరుపుతారేటి? ముందు బుద్ధుందా నీకు?"

ఇక్కడ మా పిన్ని గురించి చెప్పాలి. అమ్మకి ఒక్కతే చెల్లెలు. కవిటి పక్కన కొబ్బరితోటల మధ్య ఊరికి కోడలై వెళ్ళింది. నా చిన్నప్పుడు ప్రతి ఎండాకాలం అక్కడే గడిచేది. పిన్ని పనసకాయ కూర వండిందంటే మర్నాడు చద్దన్నంలోకి కూడా మిగుల్చుకోవాలని నేనూ, పిన్ని కూతురూ గిన్నె దాచేవాళ్ళం. తర్వాత ఆ పిన్ని కూతురి పెళ్ళి దగ్గరే అక్కచెల్లెళ్ళకి చెడింది.

పిలుపు సరిగ్గా రాలేదు. సరిగ్గా అంటే, మా వైపు పద్ధతిలో పెళ్ళివారింటి ఆడమనిషి గడప లోపలికి వచ్చి బొట్టు పెట్టి "రండి" అనాలి. బాబాయి ఒక్కడే వచ్చాడు. ఆ టైముకి అమ్మ కుళాయి దగ్గర బిందెల వరసలో ఉంది. నాన్న బేరం మీద పోయాడు. బాబాయి శుభలేఖ కిటికీ ఊచల మధ్య దూర్చి, పక్కింటావిడతో ఒక మాట చెప్పి, రైలు వెళ్ళిపోతుందని వెళ్ళిపోయాడు. అమ్మ బిందెతో తిరిగొచ్చి చూస్తే కిటికీలో శుభలేఖ ఉంది.

"తోడబుట్టిందాన్ని. కిటికీలో కాయితమెట్టి పిలుత్తారేటి?" అంది అమ్మ. "బొట్టెట్టి పిలిసినదాకా నాను దాని గడప తొక్కను."

ఈ మాట మోసేవాళ్ళు మోశారు. అటునుంచి, అక్కని అప్ప అని పిలిచే పిన్ని మాట కూడా మోసుకొచ్చారు. "మా అప్పకి నాను పిలుపేటి? అమ్మలాటిది. పిలిత్తేనే వత్తాదేటి?" అందట. దాంట్లో తప్పేముందో నాకు ఇప్పటికీ తెలియదు. అమ్మకి మాత్రం గుచ్చుకుంది. పెళ్ళికి వెళ్ళలేదు, నన్నూ వెళ్ళనివ్వలేదు. ఆ రోజుల్లోనే పిన్నికి కాళ్ళు వాచి చెప్పుల్లో దూరడం లేదనీ, అందుకే తను రాలేక బాబాయిని పంపిందనీ మాకు చాలా తర్వాత తెలిసింది. కిడ్నీల జబ్బు ఇంటింటా ఉన్న మా ఉద్దానంలో కాళ్ళు వాస్తే మొదట ఎండ అంటారు, తర్వాత నీళ్ళు అంటారు, ఆ తర్వాత విశాఖపట్నం అంటారు.

కొన్నేళ్ళు అలాగే గడిచిపోయాయి. సోంపేట వైపు నుంచి ఎండుచేపలు తెచ్చే ఆవిడ ఒకసారి పిన్నికి ఒంట్లో బాగోలేదని చెప్పింది. అప్పట్నుంచి అమ్మ ఆ ఆవిడ దగ్గర మాకు అక్కర్లేనన్ని మెత్తళ్ళు కొనేది. గుమ్మంలో కూర్చోబెట్టి, కాఫీ ఇచ్చి, అటూ ఇటూ తిప్పి చివరికి కవిటి కబుర్లలోకి దింపేది. ఆవిడ వెళ్ళాక కాసేపు చాటలో మెత్తళ్ళు ఏరుతూ కూర్చునేది. వెళ్దామా అని నాన్న అంటే, "పిలవనీ" అనేది. ఆ ఒక్క మాట మీద అక్కడ పిన్నీ ఇక్కడ అమ్మా కూర్చుండిపోయారు. అమ్మ ఆ గడప తొక్కుతుందా లేదా అన్నదే మా ఇంట్లో ఎవరూ పైకి అనని ప్రశ్న అయిపోయింది.

ఆ రోజు ఇచ్ఛాపురంలో నాన్న స్నేహితుడి గృహప్రవేశానికి ముగ్గురం వెళ్ళాం. భోజనాలయ్యాక తిరిగి బయల్దేరాం. హైవే వెడల్పు చేస్తున్న రోజులవి. ఎక్కడ చూసినా తవ్వకాలు, ఎర్రదుమ్ము, రాళ్ళకుప్పలు. నాన్న ఉన్నట్టుండి కారు లోపలి దారికి తిప్పాడు.

"హైవే అంతా తవ్వీసినారు. కవిటి మీంచి ఎల్దాం," అన్నాడు, ఎవరి ముఖమూ చూడకుండా.

అమ్మ చీరకొంగు భుజం చుట్టూ లాక్కుని, సముద్రం వైపు కిటికీకి తిరిగి కూర్చుంది. పిన్ని ఊరి మలుపు రెండోవైపు వస్తుంది.

జీడితోటలు పూత మీదున్నాయి. కిటికీల్లోంచి ఆ వగరు వాసన కొడుతోంది. దాంతో ఇంకేదో మాడు వాసన కలిసినట్టు నాకు అనిపించింది గానీ, నాన్న ముక్కుకే తెలియనిది నాకేం తెలుస్తుందని ఊరుకున్నాను. కొబ్బరితోటలు చిక్కబడ్డాక కారు ఒకసారి దగ్గింది. ఇంకోసారి దగ్గింది. స్విచ్చి పక్కన పచ్చచుక్క వెలుగుతూనే ఉంది, ఇంజను మాత్రం ఊపిరి వదిలేసింది. నాన్న దాన్ని రోడ్డు వారకి దొర్లించి ఆపాడు. ఎదురుగా, కేకేస్తే వినపడే దూరంలో, పిన్ని ఊరి మలుపు.

"కావాలనే ఆపినావేటి?" అంది అమ్మ.

"నీ తోడే, కాదు," అన్నాడు నాన్న. ముఖం చూస్తే నిజంలాగే ఉంది.

బానెట్టు ఎత్తితే ఒకపక్క రేడియేటరు బుసలు కొడుతోంది. ఇంకోపక్క గుండ్రటి గ్యాసు డబ్బా మీద తెల్లగా మంచు పేరుకుని ఉంది. ఉద్దానం ఎండలో మంచు! నేను వేలితో తాకి చూశాను, నిజం మంచే. నాన్న తలపట్టుకుని చెప్పాడు. సిలిండరులోంచి వచ్చే గ్యాసు చల్లగా ఉంటుందట. రేడియేటరు వేడినీళ్ళు ఆ డబ్బా చుట్టూ తిరిగి దాన్ని వెచ్చబెడతాయట. ఎక్కడో రబ్బరు గొట్టం పగిలి నీళ్ళన్నీ కారిపోయాయి. నీళ్ళు లేక ఇంజను కాలిపోతోంది, అవే నీళ్ళు లేక డబ్బా గడ్డకట్టుకుపోయింది. ఒకే ఒంటికి జ్వరమూ చలీ కలిసి వచ్చినట్టుంది. పెట్రోలుకి మారుద్దామంటే ముల్లు ఎన్నాళ్ళ నుంచో పడుకునే ఉంది. ఇంజను కాస్త చల్లారాక నాన్న తాళం తిప్పి తిప్పి చూశాడు. చివరికి బ్యాటరీ కూడా చతికిలబడింది. పుట్టుమచ్చ చెప్పింది నిజమే.

నేను వేడిదీపం దగ్గరికి వంగి, ఎండ పడకుండా అరచెయ్యి అడ్డం పెట్టి చూశాను. బ్యాటరీలో మిగిలిన కొసప్రాణంతో, కుంకుమ అంచు నుంచి సన్నగా ఎర్రటి వెలుతురు. ఎరుపు వెనక ఎరుపు. ఎంతసేపటి నుంచి వెలుగుతోందో, పాపం.

అప్పుడే సైకిలు మీద కొబ్బరిగెలలు కట్టుకుని ఒకాయన వచ్చాడు. ఏమైందని అడిగి, నాన్న నీళ్ళు కావాలనగానే గెల విప్పేశాడు.

"నీలెందుకు బావా, బోండాలున్నాయి గదా! మా తోటవే. అమృతంలాగుంటాయి."

నాన్నకి ఆ సమయంలో బుద్ధి పనిచేయలేదు. మా వైపు నీళ్ళ మీద ఎవరికీ నమ్మకం లేదు, బోండాల మీద అందరికీ నమ్మకమే. ఒకటి, ఇంకొకటి, కొట్టి కొట్టి రేడియేటరులో పోశారు. పాకం పట్టినట్టు తియ్యటి ఆవిరి లేచింది.

"సూడు సూడు, దానికి బోండాలు తాగిస్తన్నాడు!" అంది అమ్మ. "నాకెప్పుడైనా ఒక్కటి కొట్టిచ్చినావా?"

పోసింది పోసినట్టు కింద కారిపోయింది. నాన్న అప్పుడు గొట్టం పగిలిన కొసని కోసేసి, మిగిలిన దాన్ని లాగి బిగించాడు. ఇక మామూలు నీళ్ళు కావాలి, ఆ మంచు కరగడానికి వేన్నీళ్ళు కావాలి. "ఆ మలుపులో ఇల్లుంది, నాను తెత్తాను" అని సైకిలాయన వెళ్ళాడు. ఆ మలుపులో ఉన్న ఇల్లు ఎవరిదో అమ్మకి తెలుసు. వద్దనలేదు. కారు తలుపు తీసుకుని, కాళ్ళు లోపలే ఉంచి, అటే చూస్తూ కూర్చుంది.

మొదట సైకిలాయన రెండు బిందెలతో కనిపించాడు. ఆ వెనక పిన్ని. గుడ్డతో పట్టుకున్న పెద్ద గిన్నెలోంచి ఆవిరి వస్తోంది. ముఖం చిక్కిపోయింది, కాళ్ళు మాత్రం ఉబ్బి ఉన్నాయి. చెప్పుల్లేవు. తెల్లకారు, పలాస మనుషులు అని ఆయన చెప్పగానే పొయ్యి మీదున్న ఎసరు దించి ఎత్తుకొచ్చేసిందట.

"ఇదిగో బావా ఏన్నీలు," అని గిన్నె నాన్నకిచ్చింది. నాన్న ఆ ఎసరుని డబ్బా మీద మెల్లగా పోశాడు. మంచు చిటపటలాడి కరిగిపోయింది. బిందెలు రేడియేటరులో ఒంపాడు. ఈసారి చుక్క కారలేదు.

పిన్ని వెనకతలుపు దగ్గరికి వచ్చి నిలబడింది.

"ఇంటి ముందర కారాగిపోనా రావేటప్పా?"

"పిలిత్తే వత్తాను."

"పిలుత్తన్నాను గదా."

"ఒట్టి నోటితోనేటి?"

అమ్మ గొంతు అప్పటికే సగం కరిగింది, మాట మాత్రం ఇంకా పట్టుకుని ఉంది. పిన్ని తన చేతుల కేసి చూసుకుంది. ఖాళీ చేతులు, తడి చేతులు. ఒక్క క్షణం అటూ ఇటూ చూసి, నన్ను పక్కకి జరగమని ముందు తలుపులోంచి లోపలికి వంగింది. వేడిదీపం గాజు మీద గడ్డకట్టిన కుంకుమని తడివేలితో రుద్దింది. మెత్తబడేదాకా రుద్దింది. ఏళ్ళ బొట్టంతా ఆమె వేలికి వచ్చేసింది. వెళ్ళి అమ్మ నుదుటి మీద పెట్టింది.

"ఇదేటే, కారు బొట్టు!"

"అమ్మోరిది గదా. నువ్వెట్టిందే గదా. రా అప్పా, మా ఇంటికి రాయే."

అమ్మ నవ్వబోయి ఏడ్చేసింది. కాళ్ళు కింద పెట్టింది. చెల్లెలి చెయ్యి పట్టుకుని లేచి, మొదట అడిగిన మాట, "కాళ్ళేటే ఇలగ వాసిపోనాయి?"

"ఎండకప్పా."

ఆ తర్వాత ఇద్దరూ ఒకేసారి మాట్లాడడం మొదలుపెట్టారు. పిన్ని సైకిలాయన్ని పిలిచి, మళ్ళీ ఎసరు పెట్టమని, ఇంకో ముగ్గురికి కూడా బియ్యం పొయ్యమని పక్కింటావిడకి చెప్పమని పంపింది. పనసకాయ కొట్టి ఉందట. కారుని రోడ్డు మీద ఒగ్గెయ్యడం ఎందుకని, పిన్ని వాకిట్లోకి తోసుకుపోదామని నాన్న స్టీరింగు దగ్గర కూర్చున్నాడు. తోయడానికి మేం ముగ్గురమే మిగిలాం. "నువ్వు వద్దు" అన్నా పిన్ని వినలేదు. అమ్మ పక్కనే నిలబడి డిక్కీకి భుజం ఆనించింది.

"నీ సవితి బరువేనే," అంది.

"నా గ్యాసు తినీసి బలిసింది," అంది అమ్మ.

ఇద్దరూ నవ్వుతూ తోశారు. అంత నవ్వు నేను వాళ్ళిద్దరి దగ్గరా పిన్ని కూతురి పెళ్ళికి ముందెప్పుడో విన్నాను. కారు కదిలింది, ఊపందుకుంది. నాన్నకి చేతులు ఊరుకోలేదు. తోస్తున్న కారు కనిపిస్తే గేరు వేసి చూడకుండా ఏ డ్రైవరు ఉంటాడు? రెండో గేరులో వేసి క్లచ్చి మీది కాలు వదిలాడు. కారు ఒక్క ఉలుకు ఉలికి, గుర్రుమని లేచింది.

ఆ చప్పుడు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. ఆ కారు అంత కమ్మగా ఎప్పుడూ స్టార్ట్ కాలేదు.

"ఎక్కండి, ఎక్కండి!" నాన్న కిటికీలోంచి అరుస్తున్నాడు. "ఇంజనాపితే మరి లెగదు. బేట్రీ నేదు. సీకటడితే లైట్లు నేవు. బేగి రండి!"

ఆయన చెప్పినవన్నీ నిజాలే. ఎండ అప్పటికే కొబ్బరాకుల్లోకి దిగింది. పలాస చాలా దూరం. అమ్మ రోడ్డు మధ్య నిలబడిపోయింది. ఒక చెయ్యి ఇంకా పిన్ని చేతిలోనే ఉంది.

"అది పిలిసిందయ్యా," అంది.

"కాదన్నానేటి? బాగుసేయించి మల్లీ తీసుకొత్తాను. నీ మీద ఒట్టు!"

అమ్మ చెల్లెలి వైపు చూసింది. అప్పుడు పిన్ని "ఉండిపో" అని ఒక్క మాట అని ఉంటే అమ్మ ఉండిపోయేది. కానీ మా వాళ్ళకి ఒక మర్యాద ఉంది కదా, ఎదుటివాళ్ళని ఇబ్బంది పెట్టకూడదనే మర్యాద. దాన్ని తలుచుకుంటే నాకు ఒళ్ళు మండుతుంది.

"ఎల్లిపో అప్పా. బండి బాగయ్యింది గదా," అంది పిన్ని. "నాను పిలిసీసినాను. పిలుపేటి పాసిపోద్దేటి? ఎప్పుడైనా రా."

మేం నడుస్తున్న కారులోకే ఎక్కాం. అమ్మ వెనక అద్దంలోంచి చూస్తూనే ఉంది. పిన్ని ఖాళీ గిన్నె చంకన పెట్టుకుని, మలుపు దగ్గర నిలబడి, మేం కనుమరుగయ్యేదాకా చెయ్యి ఊపింది.

దారంతా నేను ఆ వేడిదీపాన్నే చూస్తూ కూర్చున్నాను. ఇన్నేళ్ళ తర్వాత దాని గాజు బయటపడింది. బొట్టు గీకేసిన చోట శుభ్రంగా మెరుస్తోంది. మందస దాటకముందే వెనకనుంచి అమ్మ అడిగింది.

"ఎర్రది ఎలిగిందేటే?"

"లేదమ్మా."

మరికాస్త దూరం పోయాక మళ్ళీ అడిగింది. మళ్ళీ లేదన్నాను. భయపడి అడుగుతోందనుకుని, "భయపడకు, బాగానే ఉంది" అని ధైర్యం కూడా చెప్పాను. అది వెలిగితే వెనక్కి తిప్పమందామని అడుగుతోందని నాకు తట్టలేదు. అది వెలగలేదు. జీడిపప్పు ఫ్యాక్టరీల పొగవాసన తగిలే వేళకి, వెలుతురు ఉండగానే ఇంటికి చేరిపోయాం. ఎక్కడా ఒక్క దగ్గు దగ్గలేదు, మహాతల్లి.

తర్వాత నాన్న బ్యాటరీ మార్పించాడు, గొట్టాలు మార్పించాడు, రేడియేటరు కడిగించి బోండాల జిగురంతా తీయించాడు. స్టేషను దగ్గర ఆ కథ ఎంతమందికి చెప్పాడో లెక్కలేదు. ఎసరుతో మంచు కరిగించడం, ఆడవాళ్ళు తోస్తే ఇంజను లేవడం. అందరూ నవ్వేవాళ్ళు. పుట్టుమచ్చ కూడా మాయమైంది. ఆ తర్వాత నెలల్లో ఆ కారు ఉన్నంత బాగా ఎప్పుడూ లేదు. బాగున్న కారుకి బేరాలు వస్తాయి. పెళ్ళిళ్ళ సీజను వచ్చింది. అమ్మ అడిగేది, నాన్న "ఈ వారం పోనీ" అనేవాడు. అమ్మ కూడా పట్టుబట్టలేదు. పిలుపు వచ్చేసింది కదా, ఆ కుంకుమతో కోపం పోయింది, కోపంతో పాటు తొందరా పోయింది. బస్సులో పోయి రావచ్చు కదా అని ఇప్పుడనిపిస్తుంది. పిలిచిన చుట్టం ఇంటికి దర్జాగా కారులో వెళ్ళాలని అప్పుడు అమ్మకుండేది.

పిన్నిని విశాఖపట్నం తీసుకెళ్ళారని కబురొచ్చింది. మేం బయల్దేరేలోపే తిరిగి తెచ్చేశారని ఇంకో కబురొచ్చింది. తెచ్చేశారంటే ఏమిటో మా వైపు ఎవరికీ విడమర్చి చెప్పక్కర్లేదు.

ఆ పొద్దున కారు తాళం తిప్పగానే లేచింది. ఏ దీపమూ వెలగలేదు, ఎక్కడా ఆగలేదు. ఆ మలుపు దగ్గర మాత్రం నాన్న వేగం బాగా తగ్గించాడు.

పెళ్ళికి పిలుపు కావాలి, చావుకి అక్కర్లేదు. అందరూ ఎవరికి వాళ్ళు వస్తున్నారు, పోతున్నారు. అమ్మ గడప ముందు ఆగిపోయింది. లోపలినుంచి ఎవరో రమ్మంటారని చూస్తున్నట్టు నిలబడింది. బాబాయి లేచి వచ్చి, "రా వదినా" అన్నాడు. అప్పుడు తొక్కింది ఆ గడప. పునిస్త్రీగా పోయింది కనుక పెద్దముత్తైదువ బొట్టు పెట్టాలని ఎవరో అమ్మ చేతిలో కుంకుమభరిణె పెట్టారు. అమ్మ చెల్లెలి నుదుట పెట్టింది. నేను చూడలేక బయటికి వచ్చేశాను.

బాబాయి వాకిట్లో నాన్నతో చెబుతున్నాడు. "ఆ రోజు నాను తోట కాడ్నుంచి వచ్చీసరికి అన్నం గిన్నెడుంది అన్నా. ఇంతన్నం ఏటే అనడిగినాను. మా అప్పోలు వత్తన్నారని వండించినాను, కారు బాగైపోనాది, ఎల్లిపోనారు అంది. రెండు రోజులు సద్దన్నమే తిన్నాం."

నాన్న తల వంచుకుని విన్నాడు. హైవే తవ్వారని ఆ రోజు కవిటి దారి ఎందుకు పట్టాడో, ఆయన మనసులో ఏముందో నేను ఎప్పుడూ అడగలేదు. అడిగితే చెప్పేవాడూ కాదు. దగ్గరికి తెచ్చిందీ ఆ కారే, లాక్కుపోయిందీ ఆ కారే. దారుల్లో ఆగినప్పుడల్లా దాన్ని నోటికొచ్చినట్టు తిట్టాను. అది పాడై ఉండాల్సిన సాయంత్రం ఒకే ఒక్కటి ఉంది, ఆ సాయంత్రమే అది బాగుపడింది. ఇది తలుచుకుంటే నాకు ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో తెలియదు. ఏడుపు మాత్రం వస్తుంది.

ఆ ఏడు దసరాకి అమ్మ ఎప్పటిలాగే కారు కడిగి పూజ చేసింది. స్టీరింగుకి పెట్టింది, స్విచ్చికి పెట్టింది, గుండ్రాలన్నిటికీ పెట్టింది. వేడిదీపం గాజు దగ్గరికి వచ్చేసరికి వేలు వెనక్కి తీసుకుంది.

"అదొక్కటీ ఒగ్గీసినావేటి?" అన్నాడు నాన్న, కొబ్బరికాయ చేతిలో పట్టుకుని.

"అక్కడిది మా సెల్లి తీసింది," అంది అమ్మ. "తీసినోలే ఎట్టాలి."

నాన్న కొబ్బరికాయ కొట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, కారు కాస్త ముందుకి నడిపాడు.